యాకూబ్ మియా మీద మా తాత మంట

ఉప్పల్ రింగురోడ్డు నుంచి నాచారం పారిశ్రామికవాడ చివరి గేటు దాకా మీసం మెలేసే మగవాళ్ళలో సగం మంది మా తాత జ్ఞానయ్య ముందు కాళ్ళు చాపి బావురుమన్నవాళ్ళే. సున్తీ అంటే ఏమిటో ఆయన దగ్గర నేర్చుకోవడానికి ఢిల్లీ నుంచి పెద్ద సర్జన్లు విమానం వేసుకుని రావలసింది. మా సందులో విమానం మలుపు తిరగదని ఆగిపోయారు.

నిజానికి కత్తెర పట్టింది డాక్టర్ జగన్మోహన్. తాత పట్టుకున్నది పిల్లల కాళ్ళు.

తాతది జనగామ దగ్గర పల్లె. మా చర్చి అయ్యగారు ఎవరికో చెప్పి నాచారంలో ఒక చిన్న నర్సింగ్ హోంలో పెట్టించాడు. నేల తుడిచే పని నుంచి దూది చుట్టే పనికి, దూది నుంచి కట్లు కట్టే పనికి ఎదిగాడు. కట్టు కట్టడంలో ఆయనను మించినవాడు లేడు. ఈ ఒక్క మాట నేను నవ్వకుండా చెప్పగలను. ఆయన కట్టిన కట్టు చూస్తే దెబ్బ తగలనివాడికి కూడా ఒకటి కట్టించుకోవాలనిపిస్తుంది.

తాతకు షుగర్ లేదు, బీపీ లేదు. ఉన్నది ఒకటే జబ్బు. దాని పేరు యాకూబ్ మియా.

యాకూబ్ మియాది రామంతాపూర్. తరతరాలుగా హజ్జాం పని. గడ్డాలు గీసేవాడు, ముసల్మానుల ఇళ్ళలో మగపిల్లలకు ఒడుగులు చేసేవాడు. ఒడుగులంటే అదే, సున్తీ. ఆ రోజు ఆ పిల్లాడే పెళ్ళికొడుకు. షేర్వానీ తొడుగుతారు, ముఖం మీద పూలు వేలాడదీస్తారు, ఇంటినిండా చుట్టాలు దిగుతారు. యాకూబ్ మియా పిల్లాడి గడ్డం పట్టి పైకెత్తి, "అగో సూడు బేటా, బంగారు పిట్ట ఎగురుతున్నది!" అంటాడు. పిల్లాడు పిట్టను వెతికేలోపు పని అయిపోతుంది. పిల్లాడు ఏడుస్తాడు, పెద్దలు ముబారక్ చెప్పుకుంటారు. యాకూబ్ మెడలో దండ పడుతుంది, బిర్యానీలో మంచి ముక్క ఆయన పళ్ళెంలో పడుతుంది.

మా తాత దగ్గర ఇవేమీ లేవు. మత్తు సూది, తెల్లగుడ్డ, కుట్లు, కట్టు. పిల్లాడి తండ్రి బయట ఫోన్ చూసుకుంటూ కూర్చుంటాడు. అయిపోగానే అందరూ ఆటో ఎక్కి వెళ్ళిపోతారు.

"నాకు దండ ఎందుకెయ్యరే?" అని తాత మా నానమ్మ విక్టోరియాను అడిగాడట.

"నీకేస్తె ఫోటోకేసినట్టుంటదని ఎయ్యరేమో" అన్నదట నానమ్మ.

ఒకసారి నేనూ తాతా ఉప్పల్‌లో షేర్ ఆటో ఎక్కితే లోపల యాకూబ్ మియా ఉన్నాడు. రామంతాపూర్ వచ్చేదాకా ఒకటే సలాములు. పండ్ల బండివాడు సలాం, పంక్చర్ షాపువాడు సలాం, సిగ్నల్ దగ్గర స్కూటర్ మీది గడ్డపాయన సలాం. ఆటో డ్రైవర్ అద్దంలోంచి చూసి, "ఉస్తాద్, నన్ను గుర్తుపట్టిన్రా? నాకు గూడ మీరే జేసిన్రు" అన్నాడు.

తాత ఇటు రోడ్డు వైపు తిరిగి, వచ్చే పోయే ప్రతివాడి ముఖంలోకి ఆశగా చూశాడు. దవాఖానలో చేయించుకున్నవాళ్ళు కూడా ఆ రోడ్డు మీద ఉండే ఉంటారు. కానీ వాళ్ళు తాతను గుర్తుపట్టినా పట్టనట్టు పోతారు. బజార్లో నిలబడి ఆ సంగతి ఎవరు గుర్తుచేసుకుంటారు?

దిగాక తాత, "సలాములు కాదే అవి. భయం. కత్తి పట్టినోనికి ఎవడైన దండం పెడ్తడు" అన్నాడు. ఆ రోజు పప్పులో ఉప్పు ఎక్కువైందని ఇంట్లో అరిచాడు. పప్పు బాగానే ఉంది.

ఇంటికి ఎవరొచ్చినా ఈ మాటే. నానమ్మ "యాకూబన్న చెయ్యి తేలిక" అంటే చాలు, "వాని కత్తి నిజాం కాలం నాటిది, అందరికి అదే కత్తి" అని మొదలుపెట్టేవాడు. చర్చిలో బాలయేసుకు ఎనిమిదో దినాన సున్నతి చేశారన్న మాట చదివినప్పుడు మాత్రం తాత వెన్ను నిటారుగా పెట్టి కూర్చునేవాడు. ఆ పని కూడా తమ నర్సింగ్ హోంలోనే జరిగిందన్నంత గర్వం.

ఈ మంటలోనే ఒక పిచ్చి పని చేశాడు.

చాలా ఏళ్ళ కిందట డాక్టర్ జగన్మోహన్ చాయ్ తాగుతూ ఒక సంగతి చెప్పాడట. ఆఫ్రికా దేశాల్లో పెద్దవాళ్ళకు సున్తీ చేసి పరిశీలిస్తే, ఆడవాళ్ళ నుంచి మగవాళ్ళకు హెచ్ఐవీ అంటుకోవడం సగానికి పైగా తగ్గిందట. "తగ్గింది అంటున్నా జ్ఞానయ్యా, పోయింది అనడం లేదు. నిరోధ్ వాడాల్సిందే" అని కూడా అన్నాడట. తాత మొదటి సగం వరకు విని, మిగతాది చాయ్‌తో పాటు మింగేశాడు.

ఆ సాయంత్రమే నాచారం లారీ అడ్డా దగ్గరి చాయ్ బండి ముందు నిలబడి చెప్పాడు: "మా దవాఖాన్ల కోయించుకుంటె ఎయిడ్స్ రోగం దగ్గరికే రాదు. డాక్టర్ సాబే జెప్పిండు. యాకూబ్ దగ్గర కోయించుకుంటె ఏమొస్తది? బిర్యానీ వస్తది, గంతే."

డ్రైవర్ల నోట్లో పడిన మాట నాగపూర్ దాకా పోయి వస్తుంది. ఇది కూడా పోయి వచ్చింది. దారిలో డాక్టర్ రాలిపోయాడు, దవాఖాన రాలిపోయింది. కోయించుకుంటే చాలు, ఇంక దేనికీ భయం లేదు అన్నదొక్కటే మిగిలింది. తాత రిటైరైనా ఆ మాట మాత్రం అడ్డాలో ఉద్యోగం చేస్తూనే ఉంది.

మా అన్న బెన్నీ డీసీఎం వ్యాను నడుపుతాడు. నాచారంలో సరుకు ఎక్కించుకుని షోలాపూర్, నాగపూర్ పోతుంటాడు. మొన్న శీతాకాలంలో వాడికి బోడుప్పల్ అమ్మాయి గ్రేసీతో పెళ్ళి కుదిరింది. ఈస్టర్‌కు ముందు వచ్చే నలభై రోజుల శ్రమకాలం మొదలైతే మా చర్చిలో పెళ్ళిళ్ళు చేయరు కాబట్టి, అంతకు ముందే చేసేద్దామని హాలు కూడా మాట్లాడారు.

ఒక ఆదివారం మధ్యాహ్నం అందరం అన్నం తింటున్నాం. బెన్నీ తల ఎత్తకుండా అడిగాడు.

"తాతా, యాకూబ్ తాత ఇంక ఒడుగులు చేస్తుండా?"

"ఎవనికి?"

"నాకే."

తాత చేతిలో మటన్ బొక్క చేతిలోనే ఆగిపోయింది. "నీకా? నా చేతుల మీద పెరిగి, వాని దగ్గర కోయించుకుంటవా? దవాఖాన కాలిపోయిందా? డాక్టర్ సాబ్ ఊరిడిసి పోయిండా? నేను సచ్చిన్నా?"

"దవాఖాన వద్దు తాతా. ఆయనైతె ఇంట్లనే అయిపోతది. పెండ్లికి ముందు చేయించుకుంటె మంచిదని... నువ్వే అంటివి గద, రోగం రాదని."

నానమ్మ వెంటనే నా వైపు తిరిగి, "పోరీ, పోయి కొత్తిమీర తెంపుకరా" అంది. మా కొత్తిమీర కుండీ ఆ గది కిటికీ కిందే ఉంటుంది. నేను చాలా జాగ్రత్తగా, ఒక్కొక్క ఆకూ తెంపాను.

తాత ఇంకా యాకూబ్ మాట దగ్గరే ఉన్నాడు. వాడు నీకేం మందు పెట్టిండు, వాడు మన ఇంట్ల దాక వచ్చిండా, ఇట్లా. నానమ్మ ఆయన మాట మధ్యలోనే నరికేసింది.

"నీ యాకూబ్ గోల బంద్ జెయ్యి జర. పోరడు దవాఖాన ఎందుకొద్దంటుండో సూడవా? ఆపరేషన్ అంటె ముందుగాల రక్తం తీస్తరు. ఏమేం పరీక్షలు చేస్తరో నీకెర్క లేదా? బెన్నీ, ఇటు సూడు. ఏం జేసినవ్ రా?"

నేను కొత్తిమీర వదిలేసి కిటికీలోంచి చూశాను.

"షోలాపూర్ కాడ" అన్నాడు బెన్నీ. "పోయిన నెల. ఒక్కసారే నానమ్మా. ఏం వాడలే. అందుకే భయమైతున్నది."

ఎంత కోపమొచ్చినా తాత పళ్ళెం వదలడు. ఆ రోజు వదిలాడు. గొంతు కూడా మారింది. "బిడ్డా, నా మాట ఇను. నేనన్నది తప్పు. కోయించుకుంటె రానే రాదని లేదు. ముందుగాల చేయించుకున్న మొగోనికి జర తగ్గుతది, గంతే. వచ్చినంక కోయించుకుంటె అది పోదు. గా పిల్లకు దాంతోని ఏం కాపుదల లేదు. రక్తం పరీక్ష చేయించుకో. ఉన్నా గూడ ఇయ్యాల రేపు మందులున్నయ్, మంచిగ బతుకుతరు. తెల్వకుంట పెండ్లి జేసుకుంటెనే నాశనం."

బెన్నీ లేచి నిలబడ్డాడు. "ఇన్నేండ్లు రాదంటివి. ఇయ్యాల నేను యాకూబ్ తాత పేరెత్తంగనే వస్తదంటున్నవ్. నీకు ఆయనంటె మంట తాతా. అడ్డాల అందరికెర్కే."



ఆ వారమంతా బెన్నీ ఎక్కడుంటే తాత అక్కడ. బండి కడుగుతుంటే పక్కన నిలబడి చెప్పాడు. గడ్డం గీసుకుంటుంటే అద్దంలోకి తొంగిచూసి చెప్పాడు. అడ్డాకు పోయి డ్రైవర్లకు కూడా చెప్పబోయాడు. మహిపాల్ అని మా వీధి డ్రైవరే ఒకడు, "ఏంది పెద్దాయనా, యాకూబ్ సాబ్‌కు గిరాకీ పెరిగిందా?" అన్నాడు. అందరూ నవ్వారు. ఇన్నేళ్ళు తాత చెప్పిన అబద్ధాన్ని నమ్మినవాళ్ళు, నిజం చెప్పిన రోజు కుళ్ళు అన్నారు.

పెళ్ళి దగ్గర పడుతోంది. గ్రేసీ వాళ్ళింట్లో బంగారం కూడా కొన్నారు. ఒక ఉదయం తాత క్రిస్మస్ చొక్కా తొడుక్కుని, సెంటు పూసుకుని వచ్చి నా స్కూటీ పక్కన నిలబడ్డాడు.

"రామంతాపూర్ పోనియ్యి."

"యాకూబ్ తాత ఇంటికా? కొట్లాటకా?"

"నోరు మూసుకొని తోలు."

యాకూబ్ మియా ఇల్లు చెరువు దిక్కున సన్న సందులో ఉంది. ఆయన గడప ముందు కుర్చీలో కూర్చుని ఎవరికో గడ్డం గీస్తున్నాడు. కొత్త బ్లేడు పొట్లం చింపి, సగానికి విరిచి కత్తికి పెట్టుకున్నాడు. తాత ఆ బ్లేడు వైపు చూసి, చూడనట్టు ముఖం తిప్పుకున్నాడు. లోపల గోడ మీద పూలు కట్టుకున్న పిల్లల ఫోటోలు వరసగా ఉన్నాయి. తాత అటు కూడా ముఖం తిప్పుకున్నాడు. ఆ ఇంట్లో ఆయన చూడగలిగిన చోటు పైకప్పు ఒక్కటే.

"ఆవో జ్ఞానయ్యా! ఎన్నాళ్ళకు! బిడ్డా, నువ్వు గూడ కూసో" అన్నాడు యాకూబ్ మియా. చాయ్ వచ్చింది.

"మా బెన్నీ నీ దగ్గరికొచ్చిండా?" అన్నాడు తాత.

"వచ్చిండు. చెయ్యనన్న. పెద్దోళ్ళను నేనెన్నడు ముట్టలే. రక్తం ఆగకుంటె ఎవరు జవాబు చెప్పాలె? ఇప్పుడు పిల్లలకు గూడ బంద్ జేసిన. చెయ్యి జర వణుకుతున్నది భాయ్, గడ్డాలకైతె నడుస్తది. మొన్న మా మనవనికి గూడ దవాఖాన్లనే చేయించినం."

తాత ముఖం వెలిగిపోయింది. "ఏ దవాఖాన?"

"తార్నాక దిక్కు."

ఆ వెలుగు వెంటనే ఆరింది. "తార్నాకనా? నాచారంల మేము లేమా? వాళ్ళకు కట్టు కట్టనీకె వస్తదా?"

యాకూబ్ మియా నవ్వలేదు. కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు. "అది కాదు గని జ్ఞానయ్యా. మీ పోరడు ఒక మాటన్నడు. గిది చేయించుకుంటె ఎయిడ్స్ రాదని మా తాత జెప్పిండు, పరీక్ష గూడ అక్కర్లేదు అన్నడు. మేము దీన్ కోసం, మా మతం కోసం చేస్తం. రోగం రాదని నేను ఎవ్వనికి జెప్పలే. నువ్వు జెప్పినవా?"

నేను చాయ్ కప్పులోకి చూశాను. తాత అబద్ధమాడతాడని నా గట్టి నమ్మకం. డాక్టర్ మీద తోస్తాడు, లేకుంటే మహిపాల్ మీద తోస్తాడు. ఎవరి ముందైనా తల వంచుతాడు గానీ ఈయన ముందు వంచడు.

"జెప్పిన" అన్నాడు తాత.

"ఎందుకు?"

"నీ మెడల దండ సూడలేక."

గడ్డం గీయించుకుంటున్న మనిషి సగం నురగతో అట్లాగే ఉండిపోయాడు. యాకూబ్ మియా కత్తి కింద పెట్టాడు. "వానికి ఇదే మాట జెప్పు మరి."

"జెప్పిన. ఇంటలేడు. నీ మీద మంటతోని అంటున్న అంటడు." తాత గొంతు సవరించుకున్నాడు. "నువ్వు జెప్పాలె యాకూబ్ భాయ్. నువ్వు జెప్తె ఇంటడు."

"జెప్త. గని నువ్వు పక్కన కూసోవాలె. నోరు తెర్వద్దు."

తాతకు ఇంతకన్నా పెద్ద శిక్ష ఎవరూ వేయలేరు.

మరునాడు చాయ్ బండి దగ్గర బెన్నీని కూర్చోబెట్టుకుని యాకూబ్ మియా చెప్పాడు. నేను బిస్కెట్లు కొనే మిషతో అక్కడే ఉన్నాను. మహిపాలూ ఇంకో ఇద్దరు డ్రైవర్లూ చెవులు ఇటే పెట్టారు.

"బేటా, కోయించుకున్నోళ్ళకు గూడ ఈ రోగం వచ్చింది. నేను సూసిన. మావోళ్ళల్ల గూడ ఉన్నరు. బండికి బ్రేకున్నదని కండ్లు మూసుకొని తోల్తవా? ఇప్పుడు నువ్వు కోయించుకుంటె పుండు తప్ప ఏమొస్తది? సర్కారు దవాఖాన్ల పరీక్ష ముఫ్త్, పైసా తీస్కోరు. ఎవ్వరికి చెప్పరు. పో."

బెన్నీ తల వంచుకుని, "సరే యాకూబ్ తాతా" అన్నాడు. అంతే. ఒక్క మాట ఎదురాడలేదు.

తాత పెదవులు బిగబట్టి బిగబట్టి ఇక ఆగలేకపోయాడు. "గదే గదరా నేను వారం సంది మొత్తుకుంటున్నది!"

"నువ్వు మొత్తుకున్నవ్ తాతా. ఆయన జెప్పిండు."

యాకూబ్ మియా మోచేత్తో తాతను పొడిచాడు. తాత లేచి డ్రైవర్ల వైపు తిరిగాడు. దవాఖానలో చేయించుకుంటే రోగం రానే రాదని తను చెప్పింది ఉత్తదనీ, తగ్గుతుందే తప్ప పోదనీ, నిరోధ్ మానొద్దనీ గట్టిగా చెప్పాడు. మహిపాల్ వెంటనే యాకూబ్ మియా వైపు తిరిగి, "నిజమేనా ఉస్తాద్?" అని అడిగాడు. తాత నా చేతిలో బిస్కెట్ పొట్లం లాక్కుని ఒక్కడే తినేశాడు.

పరీక్షకు తోడు రమ్మని బెన్నీ అడిగింది కూడా యాకూబ్ మియానే. తాత పొద్దున్నే స్నానం చేసి, చెప్పులు వేసుకుని, గడప దగ్గర సిద్ధంగా ఉన్నాడు. బెన్నీ వచ్చి, "నువ్వొస్తె అక్కడోళ్ళతోని కొట్లాడ్తవ్ తాతా, ఆయనైతె సప్పుడు జెయ్యడు" అని బండి ఎక్కించుకోకుండా పోయాడు. ముప్పై ఏళ్ళకు పైగా దవాఖానలో పనిచేసిన మనిషిని వదిలి, గడ్డం గీసే మనిషిని దవాఖానకు తీసుకుపోయాడు. ఆ పూట తాత చెప్పులు విప్పనూ లేదు, గడప దాటనూ లేదు.

మొదటి పరీక్షలో ఏమీ లేదు. కానీ అక్కడి మేడం, అంతా జరిగి మూడు నెలలు దాటాక మళ్ళీ చేస్తేనే గట్టిగా చెప్పగలమంది. అప్పటిదాకా పెళ్ళి వద్దని నానమ్మ తేల్చేసింది. గ్రేసీకి వాడే చెప్పాలని కూడా అంది. బోడుప్పల్‌లో గ్రేసీ ఇంటివాళ్ళకు ఏం చెప్పాలో తాత చూసుకున్నాడు. మాట్లాడిన హాలు వేరేవాళ్ళకు ఇచ్చేశారని చెప్పి ఒక్క వారం జరిపించాడు. ఒక్క వారం జరిగితే శ్రమకాలంలో పడింది. శ్రమకాలంలో పడ్డాక ఈస్టర్ దాటేదాకా ఎవరూ ఏమీ అడగరు. ఈ ఎత్తు మాత్రం పూర్తిగా తాతదే. యాకూబ్ మియాకు ఇది తట్టేది కాదని నాతో ఎన్నోసార్లు అన్నాడు.

బెన్నీ గ్రేసీకి చెప్పాడు. ఆమె చాలా రోజులు ఫోన్ ఎత్తలేదు. తరువాత ఒకరోజు తనే ఫోన్ చేసి, "రెండో పరీక్ష కాగితం నా చేతుల పెట్టు. నేను గూడ చేయించుకుంట. అప్పుడు మాట్లాడదం" అంది. నాకు ఆ వదిన అప్పుడే నచ్చింది.

ఈస్టర్ దాటాక రెండో పరీక్ష. ఈసారీ తోడు యాకూబ్ మియానే. మధ్యాహ్నం తాత ఫోన్ మోగింది. అటువైపు నుంచి, "జ్ఞానయ్యా, ముబారక్! పోరనికి ఏం లేదు" అన్న గొంతు నాకూ వినిపించింది. తాత ఫోన్ పెట్టేసి, కండువాతో ముఖం కప్పుకుని ఏడ్చాడు. నానమ్మ ఆయన వీపు మీద చెయ్యి వేసింది. కాసేపటికి కండువా తీసి, ఎర్రబడిన కళ్ళతో, "నాకంటె ముందుగాల వానికి ఎట్ల తెల్వాలె?" అన్నాడు.

పెళ్ళి అయిపోయింది. బెన్నీ కోయించుకోలేదు. తాత ఇప్పుడు రోజూ సాయంత్రం అడ్డాకు పోయి కొత్త డ్రైవర్లకు నిరోధ్ సంగతి చెబుతున్నాడు. అదే బండి దగ్గర యాకూబ్ మియా కూడా కూర్చుంటున్నాడని తెలిసి, ఇంకొంచెం ముందే పోతున్నాడు.

నిన్న, ఈ కథ రాయడానికి తాత పక్కన కూర్చుని అడిగాను. "తాతా, నీ మనవడు బతికిపోయిండు, గ్రేసీ వదిన ఇంటికొచ్చింది. యాకూబ్ తాత లేకుంటె ఇదంత అయ్యేదా? ఇప్పటికన్న నీ కుళ్ళు తగ్గిందా లేదా?"

తాత నా వైపు తిరగకుండానే అన్నాడు: "బెన్నీ మంచిగుండాలె. యాకూబ్ గూడ మంచిగుండాలె, గని నాకంటె జర తక్కువ. రాసుకో పో."